ముందు బండికి ఎంత దూరంలో నడపాలి?

ప్రశ్న: మా తమ్ముడు లెర్నర్ లైసెన్సు తీసుకొని కారు నేర్చుకుంటున్నాడు. క్లచ్, గేర్లు బాగానే వచ్చాయి కానీ, హైదరాబాద్–విజయవాడ హైవే ఎక్కితే ముందు బండికి అంటుకుపోయినట్లు నడుపుతాడు. ‘దూరం, దూరం’ అని నేను అరిస్తే వెనక్కి తగ్గుతాడు, వెంటనే ఆ ఖాళీలోకి ఇంకో కారు దూరుతుంది. ఎన్ని మీటర్లు వదలమని చెప్పాలి?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: మీటర్ల లెక్క చెప్పకండి. కదులుతున్న కారులోంచి నలభై మీటర్లు ఎంతో అంచనా కట్టడం చేయి తిరిగిన డ్రైవర్లకే కష్టం, పైగా వేగం మారినప్పుడల్లా ఆ అంకె మారిపోతుంది. దూరాన్ని సెకన్లతో కొలవడం నేర్పండి. ముందు బండి రోడ్డు పక్కనున్న కిలోమీటరు రాయినో, బోర్డు స్తంభాన్నో దాటిన క్షణం నుంచి ‘వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు’ అంటూ మీ తమ్ముడి చేతే పైకి లెక్కపెట్టించండి. ‘వెయ్యిన్ని నాలుగు’ అనకముందే మీ కారు ఆ స్తంభాన్ని చేరితే మరీ దగ్గరగా ఉన్నట్లే.

పొడి రోడ్డు మీద అనుభవమున్నవారికి కనీసం రెండు సెకన్లు అంటారు కదా, నాలుగెందుకని మీరు అడగవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవారి కాలి కింద కూడా బ్రేకు ఉంటుంది, మీ ఇంటి కారులో ఉండదు. అందువల్ల ప్రమాదాన్ని మీరు గమనించి, నోరు తెరిచి చెప్పి, అతను విని కాలు కదిపేందుకు పట్టే సమయమంతా ఆ ఖాళీలోంచే రావాలి. వాన పడుతుంటే ఈ లెక్కనూ పెంచండి. ధాన్యం ట్రాక్టర్ల ట్రైలర్లకు చాలాసార్లు బ్రేకు లైట్లే వెలగవు, కొన్ని లారీల వెనక ఇనుప చువ్వలు బయటికి పొడుచుకొని ఉంటాయి. వాటి వెనక ఇంకా ఎక్కువ వదలాలి.

ఖాళీలోకి ఇంకో కారు దూరితే దూరనివ్వండి. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు కాస్త తీస్తే దూరం మళ్లీ ఏర్పడుతుంది, పోయేది కొన్ని సెకన్లే. (పక్క సీటులో మీరు విసుక్కోకుండా ఉండటమే ఇందులో కష్టమైన పని.) అరవడానికి బదులు ‘ఇప్పుడెంత?’ అని అడగండి. అంకె అతనే చెప్పాలి. ముందుగా రద్దీ లేని రోడ్డు మీద 40 వేగంలో ఇది అలవాటు చేయించి, ఆ తర్వాతే హైవే ఎక్కించండి.

వెనక బండి అంటుకొని వస్తుంటే మాత్రం వేగం పెంచమనకండి. ముందున్న ఖాళీని మరికొంత పెంచితే మీ తమ్ముడు బ్రేకు మెల్లగా వేయగలుగుతాడు, వెనకాయనకూ ఆగడానికి సమయం దొరుకుతుంది.