అంత ఖరీదైన ఏరాన్ ఆఫీసు కుర్చీలో మెత్తటి ఫోమ్ ఎందుకు ఉండదు?

ఒంటి బరువు ఒకేచోట పడకుండా, వేడి పట్టకుండా ఉండాలనే ఏరాన్‌లో ఫోమ్ బదులు బిగుతైన మెష్, అంటే వలలాంటి అల్లిక, వాడారు. ఫోమ్ ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది, వాడేకొద్దీ అణిగిపోతుంది. మెష్ కూర్చున్నవాళ్ల ఆకారానికి తగ్గట్టు సాగుతుంది, గాలి ఆడనిస్తుంది. సీటు ముందు అంచే చూడండి: కిందికి వంపు తిరిగి ఉంటుంది, తొడల కింద ఒత్తదు. బిల్ స్టంఫ్, డాన్ చాడ్విక్ డిజైన్ చేసిన ఈ కుర్చీని హెర్మన్ మిల్లర్ కంపెనీ 1994లో తెచ్చింది. చెప్పుల్లాగే కుర్చీ కూడా మనిషి కొలతకు సరిపోవాలని మూడు సైజుల్లో చేశారు, నిజంగా మెచ్చుకోవాల్సిన ఆలోచన అది. ఎంత మెత్తగా ఉంటే నడుముకు అంత మంచిదని చాలామంది అనుకుంటారు. కానీ మరీ మెత్తటి సీటులో కూరుకుపోతే వెన్ను గూనిలా వంగుతుంది.