కరువంటే ఏ కరువు?

అనంతపురం

నాయనా,

నువ్వు ఇంగ్లీషులో రాసి పంపిన కథ చదివాను. వేరుశనగ ఊడలు దిగే టైంకు వాన మొహం చాటేస్తే ఇంటిల్లిపాదీ మబ్బుల కేసి చూసే చోటు చాలా బాగా వచ్చింది. కానీ ఆ ఏడాదిని నువ్వు ‘ఫ్యామిన్’ అన్నావు. దానికి నా మనసు ఒప్పలేదు.

మనకు అన్నిటికీ కరువు ఒక్కటే మాట. కరువు మండలమని సర్కారు ప్రకటించినా కరువే, వెనకటి ధాత కరువన్నా కరువే. ఇంగ్లీషులో అట్లా కుదరదు. ‘డ్రౌట్’ అనేది ‘డ్రై’కి చుట్టం, నేలకు తడి లేకపోవడం. ‘ఫ్యామిన్’ లాటిన్‌లో ఆకలి అనే మాట నుంచి వచ్చింది. నీ కథలో వేరుశనగ బుడ్డలు ఎండిపోయాయి, అప్పు పెరిగింది, కొడుకు బెంగళూరు బస్సెక్కాడు. అయినా ఇంట్లో స్టోరు బియ్యం ఉంది, పొయ్యి వెలుగుతోంది. అది డ్రౌటే. ఫ్యామిన్ అంటే బాధ ఇంకా పెద్దగా కనిపిస్తుందనుకున్నావేమో, చదివేవాడు మాత్రం శవాల కోసం వెతుకుతాడు.

1876-78 నాటి ధాత కరువే తీసుకో. వానలు పోయాయి, అంతవరకు డ్రౌట్. తర్వాత గింజల ధర బీదవాళ్లకు అందకుండా పోయింది. సర్కారు పెట్టిన కరువు సహాయ పనుల్లో ఒళ్లు వంచేవాళ్ల కూలిని 1877లో బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ రోజుకు పౌను గింజలకు, పైన కొంత చిల్లరకు తగ్గించాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. ఆకలికీ రోగాలకీ లక్షల మంది పోయారు. దాన్ని ఫ్యామిన్ అనాలి. 1943లో బెంగాల్‌లో పెద్ద డ్రౌట్ లేకుండానే ఫ్యామిన్ వచ్చింది. యుద్ధం, మండిపోయిన బియ్యం ధరలు చాలు దానికి.

వాడుకలోనూ ఈ తేడా ఉంది. 2019 నవంబర్ తర్వాత 2022 సెప్టెంబర్ దాకా కోహ్లి సెంచరీ కొట్టకపోతే ఇంగ్లీషు పేపర్లు డ్రౌట్ అనే రాశాయి. రావలసింది రాక ఎదురుచూడడం ఆ మాటలో ఉంది.

ఇక నీ కథలో అవ్వ “కరువు పనికి పోతాండా” అనే మాట. అక్కడ రెండు ఇంగ్లీషు మాటలూ పెట్టొద్దు. ఆమె పోయేది ఇప్పటి ఉపాధి పనికే, పేరు మాత్రం పాత కరువుల నాటిది. ‘కరువు పని’ అనే ఉంచు, కథ నడకలో అర్థం దానంతట అదే తెలుస్తుంది.

ఇవి దిద్ది మళ్లీ పంపు. కొడుకు బస్సెక్కే దగ్గర తొందరపడ్డావు, అక్కడ ఇంకో పేజీ రాయి.

ఇట్లు,
మీ పెద్దాయన