ఐర్లండ్ చరిత్రను, సంస్కృతిని నిజాయితీగా చూపిన సినిమా ఏది?

ప్రశ్న అడిగినవారు ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాట నాయకుడి మీద వచ్చిన 'మైఖేల్ కాలిన్స్' సినిమా చూశారని, అందులో చూపినదంతా నిజంగా జరిగిందా అన్న సందేహంతో అడుగుతున్నారని వివరణలో రాశారు. ముందు ఆ సందేహం తీరుస్తాను. 1920 నవంబరు 21న డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో ఆట చూస్తున్న జనం మీద బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపి 14 మందిని పొట్టన పెట్టుకున్న మాట నిజం. సినిమాలో చూపినట్టు సాయుధ శకటం మైదానం మధ్యకు దూసుకొచ్చి కాల్చడం మాత్రం కల్పన. అలాగే పోలీసు శాఖలో ఉంటూ కాలిన్స్‌కు రహస్యాలు అందించి, ఆ సినిమాలో పట్టుబడి హతుడయ్యే నెడ్ బ్రాయ్ నిజ జీవితంలో స్వతంత్ర ఐర్లండ్ పోలీసు శాఖకు అధిపతి అయ్యాడు, 1972 దాకా బతికాడు. ఇలాంటి పొరపాట్లను పట్టుకుని గంటల తరబడి వాదించుకునేవారిని డబ్లిన్‌లో ఉద్యోగం చేసిన ఆరేళ్లలో చాలామందినే చూశాను. నా దృష్టిలో ఇవి చిన్న తప్పులు. ఐర్లండ్ మీద వచ్చిన సినిమాల్లో చాలావాటికి ఉన్న పెద్ద తప్పు, ఆ దేశపు సొంత భాష అయిన ఐరిష్‌ను వినిపించకపోవడం.

ఈ అభిప్రాయం నాకు పుస్తకాలు చదివి ఏర్పడింది కాదు. గాల్వే తీరానికి ఎదురుగా ఉన్న అరన్ దీవుల్లో పెద్దదైన ఇనిష్ మోర్‌కు ఒక అక్టోబరులో వెళ్లాను. గాలి ఉధృతమై సాయంత్రపు పడవ రద్దు కావడంతో, కిల్‌రోనన్ రేవుకు దగ్గరలో గదులు అద్దెకిచ్చే ఒక ఇంట్లో రెండు రాత్రులు ఉండిపోవలసి వచ్చింది. ఆ ఇంటి పెద్దావిడకు ఎనభై ఏళ్లు ఉంటాయి. నాతో ఇంగ్లీషులో మాట్లాడేవారు. నా వైపు నుంచి ముఖం తిప్పగానే తమ్ముడితోనూ కుక్కతోనూ ఐరిష్‌లోకి వెళ్లిపోయేవారు. రెండో రోజు రాత్రి, వచ్చిన వాళ్లందరూ చూడాలని అడుగుతారంటూ, 1934లో రాబర్ట్ ఫ్లాహర్టీ ఆ దీవిలోనే తీసిన 'మ్యాన్ ఆఫ్ అరన్' అనే డాక్యుమెంటరీ పెట్టారు.

మట్టి లేని బండల మీద ఇసుకను, సముద్రపు నాచును పరిచి, రాతి పగుళ్లలోంచి గుప్పెడు గుప్పెడుగా తవ్వి తెచ్చిన మట్టిని వాటి మీద పోసి బంగాళదుంపల మడి తయారుచేసే దృశ్యం అందులో ఉంది. అది చూస్తూ ఆవిడ, తమ నాన్న కూడా అలాగే చేసేవారని తల ఊపారు. తర్వాత బల్లెంతో పెద్ద సొరచేపను వేటాడే ఘట్టం రాగానే మాత్రం ముఖం ముడుచుకున్నారు. దీపాల నూనె కోసం సొరచేపలను వేటాడే పద్ధతి ఆ సినిమా నాటికే దశాబ్దాల క్రితం ఆగిపోయింది, కెమెరా కోసం దీవివాసులకు బల్లెం విసరడం కొత్తగా నేర్పించవలసి వచ్చింది. తెర మీద తండ్రి, తల్లి, కొడుకుగా కనిపించే ముగ్గురూ నిజానికి ఒక కుటుంబం వారు కారు.

సినిమా చివర్లో, తుపాను అలల మీద నల్లటి పడవ ఒడ్డుకు చేరలేక ఊగిసలాడుతుండగా, ఆవిడ రిమోటు తీసుకుని శబ్దం పూర్తిగా తగ్గించేశారు. ఆ గొంతులు తర్వాత లండన్ స్టూడియోలో అతికించినవని, పడవలో ఉన్నప్పుడు తమ వాళ్లు అలా మాట్లాడరని అన్నారు. అంతవరకు మాట్లాడకుండా కూర్చున్న తమ్ముడు కుర్చీలో ముందుకు వంగి, రెండు చేతులూ తెడ్ల మీద ఉన్నట్టు బిగించి, తెరమీది మనుషులు నోరు తెరిచినప్పుడల్లా వాళ్లు ఏమని కేక వేసి ఉంటారో ఐరిష్‌లో చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ మధ్యలో ఆపి ఒక మాట దిద్దారు, అతను ఒప్పుకోలేదు, ఆ బండ పేరేమిటన్న దగ్గర ఇద్దరికీ వాదన జరిగింది. ఆ తీరంలో ప్రతి బండకూ ఒక పేరుందని నాకు అప్పుడే తెలిసింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆ పడవలో ఉన్నది బొమ్మలు కాదు, మనుషులన్న భావన ఆ పది నిమిషాల్లోనే కలిగింది.

'మ్యాన్ ఆఫ్ అరన్' తయారవుతున్న సమయంలోనే ఫ్లాహర్టీ, దానికి శబ్దం జతచేయడానికి లండన్ వచ్చిన ఆ దీవివాసులతోనే, ఐర్లండ్ ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో ఒక చిన్న చిత్రం తీశాడు. నెగడి చుట్టూ కూర్చున్నవారికి ఒక పెద్దమనిషి కథ చెప్పడమే ఆ చిత్రం. ఐరిష్ భాషలో వచ్చిన మొట్టమొదటి మాటల సినిమా అదే. ప్రతులన్నీ పోయాయనుకుంటే, 2012లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒకటి దొరికింది. ఒక జాతి తన భాషలో మాట్లాడిన తొలి సినిమా పరాయి నగరంలో పుట్టి, మరో ఖండంలో ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

భాషే ఎందుకంత ముఖ్యమని మీరు అడగవచ్చు. 1831 నుంచి నెలకొన్న ప్రభుత్వ పాఠశాలల్లో చదువు ఇంగ్లీషులోనే సాగింది. ఐరిష్ మాట్లాడిన పిల్లల మెడలో ఒక కర్ర కట్టి, తప్పు మాటకొక గాటు పెట్టి, సాయంత్రం గాట్లు లెక్కపెట్టి కొట్టేవారు. 1845 నుంచి 1852 వరకు సాగిన కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, దాదాపు అంతమందీ ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆ దెబ్బ ఎక్కువగా పడింది ఐరిష్ మాట్లాడే పశ్చిమ తీరపు పేదల మీద. అందుకే కరువు సినిమాలో అందరూ చక్కని ఇంగ్లీషులో ఏడుస్తుంటే నాకు మనసొప్పదు. 2018లో వచ్చిన 'బ్లాక్ 47' కథానాయకుడి చేత ఐరిష్ మాట్లాడించి ఆ లోటు కొంత పూడ్చింది. 2006 నాటి 'ద విండ్ దట్ షేక్స్ ద బార్లీ'లో, తన పేరు ఇంగ్లీషులో చెప్పడానికి నిరాకరించి ఐరిష్‌లోనే చెప్పినందుకు ఒక కుర్రవాణ్ణి సైనికులు చంపేస్తారు. అంతటి ఘట్టంతో మొదలైన సినిమా కూడా ఆ తర్వాత ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తుంది. 'ద బాన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్' 1923 నాటి పశ్చిమ దీవి కథ, కొంత భాగం ఇనిష్ మోర్‌లోనే తీశారు, నటన గొప్పగా ఉంది. అయినా అలాంటి దీవిలో ఆనాడు వినిపించవలసిన భాష అందులో దాదాపు వినిపించదు. పైగా తెలుగులో సమీక్షలు రాసే కొందరు వీటన్నిటినీ బ్రిటిష్ సినిమాలని రాస్తున్నారు. దయచేసి అలా రాయకండి. ఆ మాట ఐరిష్ వాళ్లను ఎంత నొప్పిస్తుందో పక్కన కూర్చుని చూశాను.

కాబట్టి నా సమాధానం 2022లో వచ్చిన 'ఆన్ కాలీన్ క్యూన్'. విదేశీ చిత్రాల విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందిన తొలి ఐరిష్ భాషా చిత్రం ఇదే. ఇందులో యుద్ధాలు, నాయకులు లేరు. 1981 వేసవిలో, ఇంట్లో ఎవరూ పట్టించుకోని ఒక చిన్న పిల్లను బంధువుల ఇంటికి పంపుతారు. ఆ పిల్ల తండ్రి ఇంగ్లీషులో మాట్లాడతాడు. ఆప్యాయంగా చూసుకునే ఇంట్లో ఐరిష్ వినిపిస్తుంది. మొదట్లో ముభావంగా ఉండే ఆ ఇంటాయన ఒకరోజు ఏమీ అనకుండా వంటింటి బల్ల మీద పిల్ల ముందు ఒక బిస్కెట్టు పెట్టి వెళ్లిపోతాడు. 'మైఖేల్ కాలిన్స్'తో పోలిస్తే ఇందులో చరిత్ర ఎక్కడుందని మీకు అనిపిస్తే, ఆ తండ్రి నోట ఇంగ్లీషు ఎందుకుందో ఆలోచిస్తూ మరోసారి చూడండి. ఉపశీర్షికలు పెట్టుకోండి గాని శబ్దం మాత్రం తగ్గించవద్దు.