‘గత వారం’ అన్న రెండు మాటల దగ్గర ఆగిన ఫైలు

అడిగిన ప్రశ్న ఇది: “మా తమ్ముడికి ఫోన్ నిఘా అనుమతుల ఫైళ్లు చూసే విభాగం బాధ్యత అప్పగించబోతున్నారు. అటువంటి బృందాన్ని నడిపేవారికి చట్టం క్షుణ్ణంగా తెలిసి ఉండడం ముఖ్యమా, పనిలో వేగం ముఖ్యమా?”

నేను హైదరాబాద్‌లో, సచివాలయంలో, అటువంటి ఒక సెక్షన్‌ను దాదాపు ఆరేళ్లు నడిపి పదవీ విరమణ చేశాను. 2014 తర్వాత కొంతకాలం సైఫాబాద్‌లోని ఒకే ప్రాంగణంలో రెండు రాష్ట్రాల సచివాలయాలు ఉండేవి. నేను ఏ ప్రభుత్వంలో పనిచేశానో, ఏ సంవత్సరాల్లో పనిచేశానో ఇక్కడ చెప్పను. కింద రాసిన సంఘటనలో కూడా ఏ ఫైలూ గుర్తుపట్టడానికి వీలులేకుండా కొన్ని వివరాలు మార్చాను. మీరు చెప్పిన రెండింటిలో దేన్నీ నేను మొదటి స్థానంలో పెట్టను. ఫైలును మొట్టమొదట చదివే చిన్న ఉద్యోగికి దాన్ని వెనక్కి పంపే ధైర్యం ఉండాలి. ఆ ధైర్యానికి కావలసిన సమయాన్నీ, అండనూ ఇవ్వడమే పైనున్నవాడి పని అని నా గట్టి నమ్మకం.

చట్టం నేర్చుకోవడానికి పదిహేను రోజులు చాలు. మా రోజుల్లో 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని 5(2) సెక్షన్, 2007లో వచ్చిన 419ఏ నిబంధన మాకు నిత్యపారాయణం. ఇప్పుడు వాటి స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, దాని కింద 2024 డిసెంబరులో ప్రకటించిన నిబంధనలు ఉన్నాయి గానీ మూల చట్రం అదే. రాష్ట్రంలోనైతే హోం కార్యదర్శి కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. ఆ సమాచారాన్ని మరో సమంజసమైన మార్గంలో రాబట్టడం సాధ్యమా అని ముందుగా ఆలోచించాలి. ఉత్తర్వు అరవై రోజులకు మించి నడవదు, పొడిగిస్తూ పోయినా మొత్తం నూట ఎనభై రోజులు దాటకూడదు. ప్రతి ఉత్తర్వూ ఏడు పనిదినాల్లో ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే సమీక్షా సంఘానికి చేరాలి. ఈ చట్రానికి బీజం 1996 డిసెంబరులో పీయూసీఎల్ (పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్) అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ముందుగా న్యాయస్థానం అనుమతి ఉండాలన్న వాదనను, చట్టంలో అటువంటి ఏర్పాటు లేదన్న కారణంతో, కోర్టు ఆమోదించలేదు. ఆ విధంగా మన దేశంలో న్యాయమూర్తి చూడవలసిన చూపుతో కాగితం చూసే భారం సచివాలయంలోని ఒక సెక్షన్ మీద పడింది. అక్కడ పనిచేసే నలుగురైదుగురికి ఆ బరువు తెలిసేలా చేయడం, తెలిసినా వారు బెదిరిపోకుండా చూడడం చట్టం నేర్పడం కంటే చాలా కష్టం.

ఒక సాయంత్రం సంగతి చెబుతాను. మర్నాడు వినాయక నిమజ్జనం. ట్యాంక్‌బండ్ మీద అప్పటికే క్రేన్లు నిలబెట్టారు. ట్రాఫిక్ మళ్లింపులు మొదలయ్యేలోగా ఇళ్లకు చేరాలని అటెండర్ల దగ్గర నుంచి అధికారుల వరకు అందరూ గడియారం చూసుకుంటున్నారు. నాలుగున్నర దాటాక ఒక దర్యాప్తు విభాగం నుంచి సీల్డ్ కవర్ వచ్చింది. పదకొండు ఫోన్ నంబర్ల మీద నిఘాను మరో అరవై రోజులు పొడిగించాలన్న ప్రతిపాదన అది. పాత ఉత్తర్వు గడువు ఆ అర్ధరాత్రితో ముగుస్తుంది. కవర్ తెచ్చిన అధికారి కుర్చీలో కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడ్డారు. పదిహేను నిమిషాలు తిరక్కముందే హోం కార్యదర్శిగారి పేషీ నుంచి ఫోన్ వచ్చింది, ఫైలు ఇంకా ఎందుకు రాలేదని.

ఆ ఫైలు మీద నోట్ రాసి పైకి పంపవలసిన ఏఎస్‌ఓ (అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్) రెండేళ్ల సర్వీసు కూడా నిండని అమ్మాయి. నోట్ రాయకుండా రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని స్కేలు అడ్డం పెట్టి వరుస వరుసా చదువుతోంది. నేను వెళ్లి, “ఇది గతంలో ఇచ్చిందే కదమ్మా, పెట్టెయ్, అవతల సార్ ఎదురుచూస్తున్నారు” అన్నాను. అలా అన్నందుకు ఈనాటికీ బాధపడుతున్నాను. ఆ అమ్మాయి తలెత్తి, “సార్, రెండు నెలల కిందటి కాగితంలోనూ ‘గత వారం ఈ వ్యక్తి ఫలానా వారితో మాట్లాడినట్లు తెలిసింది’ అని ఉంది, ఈ రోజు కాగితంలోనూ అదే వాక్యం ఉంది. అప్పటి గత వారం, ఇప్పటి గత వారం ఒకటే ఎలా అవుతాయి సార్?” అని అడిగింది.

నేను అక్కడే స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఇద్దరం కలిసి పదకొండు నంబర్లూ చూశాం. ఎనిమిదింటికి కొత్త కారణాలు, కొత్త తేదీలు, గడిచిన అరవై రోజుల్లో తెలిసిన విషయాలు స్పష్టంగా రాసి ఉన్నాయి. ఆ పని చేసిన అధికారి ఎవరో గానీ శ్రద్ధగా చేశారు. మిగిలిన మూడింటికి మాత్రం పాత పేరాను అక్షరం పొల్లుపోకుండా దించేశారు. పాత కాగితంలో ఒక ఊరి పేరుకు పడిన అచ్చుతప్పు కూడా కొత్త కాగితంలో అలాగే ఉంది. ఆ తప్పు మీద ఆ అమ్మాయి పెన్సిల్‌తో సన్నగా చుట్టిన సున్నా ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

నోట్ ఆ అమ్మాయి చేత రాయించి, కింద నా అభిప్రాయం నేను విడిగా రాసి, ఫైలు నేనే పట్టుకుని పేషీకి వెళ్లాను. మాట పడవలసి వస్తే అది నా మీద పడాలి గానీ రెండేళ్ల సర్వీసున్న ఉద్యోగి మీద పడకూడదని అప్పుడే తట్టింది. కార్యదర్శిగారు నోట్ రెండుసార్లు చదివి, మిగతా ఎనిమిదింటికి కారణం ఉందా అని ఒక్క ప్రశ్న అడిగి, ఎనిమిదింటికి సంతకం చేసి, మూడింటిని వివరణ కోరుతూ వెనక్కి పంపారు. తలుపు దగ్గరి అధికారి, ఈ రాత్రి ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది అని నన్ను సూటిగా అడిగారు. ఈ విభాగంలో పనిచేసే ప్రతివారి గొంతు నొక్కే ప్రశ్న ఇదే. దానికి జవాబు నిబంధనల్లోనే ఉంది. నిజంగా అత్యవసరమైతే రాష్ట్రంలో ఐజీ హోదాకు తగ్గని అధీకృత అధికారి అనుమతితో నిఘా మొదలుపెట్టవచ్చు. మూడు పనిదినాల్లో హోం కార్యదర్శికి తెలియజేయాలి, ఏడు పనిదినాల్లో ధ్రువీకరణ రాకపోతే ఆపేయాలి. ఆ మాటే చెప్పాను. ఆ రాత్రి ఆ మూడు నంబర్ల కోసం ఎవరూ ఆ దారి తొక్కలేదు. అవసరం ఎంతటిదో నాకు అక్కడే అర్థమైంది.

పది రోజుల తర్వాత వివరణ వచ్చింది. రెండు నంబర్లను వారే ఉపసంహరించుకున్నారు. మూడో నంబరు సిమ్మును అనుమానితుడు చాలా రోజుల క్రితమే తన మరదలికి ఇచ్చేశాడు. ఆమె ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి. కొలతల గురించీ, పిల్లవాడి ఫీజు గురించీ, అత్తగారి మోకాళ్ల నొప్పుల గురించీ ఆమె మాట్లాడుకున్న మాటలన్నీ అన్ని రోజులూ ఎవరో వింటూ వచ్చారు. వినేవారికి ఆ సంగతి మొదటి వారంలోనే తెలిసి ఉంటుంది. అయినా జాబితాలోంచి ఆ నంబరు తీసేయాలని ఎవరికీ తోచలేదు. అడిగేవారు లేనిచోట తోచదు కూడా. ఆ తల్లికి ఈ విషయం ఎన్నటికీ తెలియదు, ఎందుకంటే నిఘా ముగిసిన తర్వాత కూడా సంబంధిత వ్యక్తికి తెలియజేయాలన్న నియమం మన దగ్గర లేదు. ఆమె తరఫున మాట్లాడటానికి ఆ సాయంత్రం గదిలో ఉన్నది ఆ స్కేలు ఒక్కటే.

ఆ తర్వాత మా సెక్షన్‌లో కొన్ని పద్ధతులు మార్చాను. పొడిగింపు ప్రతిపాదనను మొదటిసారి చూసినవారే మళ్లీ చూడకూడదన్నాను, ఎందుకంటే మనం ఒకసారి సబబని రాసినదాన్ని మనమే కాదనడం మనసుకు ఇష్టముండదు. ప్రతి పొడిగింపుతోపాటు గడిచిన అరవై రోజుల్లో ఈ నంబరు వల్ల ఏం తెలిసింది అన్నదానికి ఒక పేజీ తప్పనిసరి చేయించాను. ఏమీ తెలియలేదంటే ఆ సంగతే రాయమన్నాను. కింది ఉద్యోగి అభ్యంతరాన్ని నేను ఒప్పుకోకపోయినా ఆ నోట్ ఫైలులోంచి తీయకూడదని, నా అసమ్మతిని దాని కిందే రాస్తానని మాట ఇచ్చాను. ఈ మూడో పద్ధతి వల్ల వచ్చిన మార్పు అంతా ఇంతా కాదు. తన రాత చెరిగిపోదని తెలిసిన మనిషి జాగ్రత్తగా రాస్తాడు, జంకు లేకుండా రాస్తాడు.

అన్నిటికంటే ముఖ్యంగా, వెనక్కి పంపిన వాటికి విడిగా ఒక రిజిస్టర్ పెట్టాను. సచివాలయంలో ఎన్ని ఫైళ్లు పరిష్కరించారన్న లెక్క ప్రతి నెలా అడుగుతారు. ఎన్నింటిని ఆపి ప్రశ్నించారన్న లెక్క నా సర్వీసు మొత్తంలో ఒక్కరూ అడగలేదు. ఏ విభాగంలోనైనా వంద ప్రతిపాదనలకు వంద ఆమోదాలు వస్తున్నాయంటే అక్కడ చదవడం లేదని నేను నిస్సంకోచంగా చెబుతాను. దీనికి అధ్యయనాలు చూపించమంటే నా దగ్గర లేవు, ఆరేళ్ల అనుభవం ఉంది.

పైన సమీక్షా సంఘం ఉంది కదా, అది చూసుకుంటుంది కదా అని కొందరు అంటారు. వ్యక్తిగత సమాచార రక్షణ మీద వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018 నివేదికలో కేంద్రంలోని సమీక్షా సంఘం గురించి రాసిన మాట వారు చదవాలి: రెండు నెలలకొకసారి కూర్చునే ఆ సంఘం ముందు ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు ఉంటాయని, అది అసాధ్యమైన పని అని ఆ కమిటీ చెప్పింది. ఒక్కో ఉత్తర్వుకు ఒక్క నిమిషం చొప్పున లెక్కవేసినా 15,000 నిమిషాలంటే 250 గంటలు. రోజుకు ఎనిమిది గంటలు మరే పనీ చేయకుండా కూర్చున్నా నెల దాటుతుంది. కాబట్టి నిజంగా చదివేది ఎవరైనా ఉంటే అది మొదటి బల్ల దగ్గరే. బ్రిటన్‌లో 2016 చట్టం ప్రకారం, అత్యవసర సందర్భాల్లో తప్ప, మంత్రి సంతకం చేశాక కూడా ఉన్నత న్యాయమూర్తిగా పనిచేసిన కమిషనర్ ఆమోదిస్తేనే నిఘా వారెంటు అమల్లోకి వస్తుంది. మనకూ అటువంటి రెండో తాళం ఉండాలని నేను కోరుకుంటాను. అది వచ్చేవరకు ఏఎస్‌ఓ చేతిలోని పెన్సిలే మన రెండో తాళం.

ఇక్కడ ఇంకొక బాధ కూడా చెప్పుకోవాలి. 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదైనప్పటి నుంచి ఫోన్ ట్యాపింగ్ అన్న మాట హైదరాబాద్‌లో ప్రతి ఇరానీ హోటల్ బల్ల మీదా నలుగుతోంది. ఆ కేసు కోర్టుల్లో ఉంది కనుక దాని మంచిచెడ్డల జోలికి నేను వెళ్లను. అయితే ఆ చర్చంతా నాయకుల ఫోన్లు, జడ్జీల ఫోన్లు, పత్రికలవారి ఫోన్ల చుట్టూనే తిరుగుతుంది. అన్ని సంతకాలూ సక్రమంగా ఉన్న ఉత్తర్వు కింద ఒక దర్జీ మనిషి మాటలు విన్నప్పుడు దాని మీద చర్చ పెట్టేవారు ఉండరు. సంతకం ఉండడమూ, ఆలోచించి సంతకం పెట్టడమూ ఒకటి కాదని న్యాయస్థానాలు కూడా చెబుతున్నాయి. లంచం కేసుల్లో ఇచ్చిన మూడు ఉత్తర్వులను 2019లో బొంబాయి హైకోర్టు, 2011 నాటి ఒక ఉత్తర్వును 2025 జులైలో మద్రాసు హైకోర్టు కొట్టేశాయి. నేరం ఎంతటిదైనా, ప్రజా అత్యవసర పరిస్థితి గానీ ప్రజా భద్రత గానీ ముడిపడి ఉన్నట్లు చూపించాలన్నది వాటి సారాంశం. ఈ తీర్పుల నకళ్లు మీ తమ్ముడు తన సెక్షన్‌లో అందరికీ ఇచ్చి చదివించాలి.

బదిలీల సంగతి తలచుకుంటే మాత్రం నాకు కోపం ఆగదు. ఈ పనికి చూపు కుదరడానికి ఏడాది పడుతుంది. ఆ అమ్మాయి చూపు కుదురుతోందనగానే, తొమ్మిది నెలలకే, సాధారణ బదిలీల్లో ఆమెను వేరే శాఖకు పంపారు. ఆపమని లిఖితపూర్వకంగా కోరాను, కుదరదన్నారు. ఆమె స్థానంలో వచ్చిన యువకుడికి మొదటి రోజు చట్టం పుస్తకం ఇవ్వలేదు. పాత పొడిగింపు ఫైలు ఒకటీ, దాని ముందటి ఫైలు ఒకటీ, ఒక స్కేలూ ఇచ్చి, తేడాలు రాసుకురమ్మన్నాను. మీ తమ్ముడు కూడా బాధ్యత తీసుకున్న రోజున ముందుగా ఆ పనే చేయించాలి, తాను కూడా పక్కన కూర్చుని చేయాలి.

వెనక్కి పంపిన వాటి రిజిస్టర్ మొదటి పేజీలో, మొదటి మూడు వరుసలు ఆ అమ్మాయి చేతిరాతలోనే ఉన్నాయి. నేను పదవీ విరమణ చేసే నాటికి అందులో నలభై ఒక్క వరుసలు చేరాయి. బాధ్యతలు అప్పగించే పత్రంలో మిగతా ఫైళ్లన్నిటికంటే పైన ఆ రిజిస్టర్ పేరు రాసి, నా తర్వాత వచ్చిన అధికారి చేత అందినట్లు సంతకం పెట్టించుకున్నాను.