జామకాయ తింటే మాత్ర మానొచ్చా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 168, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) 210 వచ్చాయి. రాత్రిపూట కొలెస్ట్రాల్ తగ్గించే అటార్వాస్టాటిన్ మాత్ర 10 మి.గ్రా. వేసుకోమన్నారు. మా వదిన మాత్రం జామకాయలు, ఉసిరి రసం చాలు, మాత్ర ఎందుకంటోంది.
– ఒక సోదరి, కావలి

జవాబు: వదినగారి మాటలో కొంత నిజం ఉందమ్మా. జామలో పెక్టిన్ అనే కరిగే పీచు ఉంటుంది. కాలేయం కొలెస్ట్రాల్‌తోనే పైత్యరసం చేసి పేగుల్లోకి వదులుతుంది; అందులో చాలా భాగం మళ్లీ ఒంట్లోకే చేరుతుంది. ఈ పీచు అందులో కొంత పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది. ఆ లోటు పూడ్చుకోడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది.

ఇక లెక్క చూడండి. రోజుకు 5 నుంచి 10 గ్రాముల కరిగే పీచు అందితే ఎల్‌డీఎల్ తగ్గేది సుమారు 5 శాతం. మీ 168 కాస్తా 160 అవుతుంది. అదే 10 మి.గ్రా. మాత్ర 35 శాతం దాకా తగ్గిస్తుంది, అంటే 110 దగ్గరికి తెస్తుంది. పైగా 200 గ్రాముల జామకాయలో పీచు 10 గ్రాములున్నా, కరిగేది అందులో కొంతే. కాబట్టి మాత్ర మానొద్దు, జామా మానొద్దు.

దోరకాయ ఒకటి, తొక్కతో సహా కొరికి తినండి. రసం తీసి వడకడితే అసలు సరుకు పిప్పిలోనే పోతుంది. ఉప్పూకారం అద్దుకోకుండా జామకాయ ఏం బాగుంటుందంటారా? బీపీ ఉంటే ఉప్పు మానాల్సిందే. మొదటి వారం సగం కాయతో మొదలుపెట్టండి, లేకపోతే కడుపు ఉబ్బరిస్తుంది.

ఉసిరి పచ్చిది రోజుకు ఒకటి రెండు చాలు. ఎల్‌డీఎల్ మీద దాని ప్రభావం స్వల్పమే. నిల్వ పచ్చడిలో ఉప్పు, నూనె, మురబ్బాలో పంచదార. షుగరు మాత్రలో, రక్తం పలుచబరిచే మందులో వాడుతుంటే ముందు డాక్టరును అడగండి.

మీ ట్రైగ్లిజరైడ్లు 210 కదా, తీపి పండ్లతో జాగ్రత్త. ఉలవపాడు మామిడి సీజన్లో ఈ మాట చెప్పడం మాకూ కష్టమే గానీ, అన్నం కడుపునిండా తిన్నాక రెండేసి పళ్లు వద్దు. సపోటా కూడా అంతే. 8 వారాలయ్యాక మళ్లీ పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: పెరట్లో పంపరపనస విరగకాసింది. నేనూ అటార్వాస్టాటిన్ వాడుతున్నాను. పొద్దున పండు, రాత్రి మాత్ర అయితే ఫరవాలేదా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వద్దండీ. ఈ మందును కొంతవరకు విరగ్గొట్టే ఎంజైము పేగు గోడలో ఉంటుంది. పంపరపనసలోని పదార్థాలు దాన్ని పనిచేయనివ్వవు. మందు ఎక్కువగా రక్తంలోకి చేరి కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ ప్రభావం ఒక రోజు దాటి కూడా ఉండగలదు గనుక పూట మార్చినా ఉపయోగం లేదు. ఇప్పటికే తింటూ ఉండి ఒళ్లునొప్పులు పుట్టినా, మూత్రం ముదురు గోధుమరంగులో వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇదే కోవకు చెందిన రోసువాస్టాటిన్ అనే మందుకు ఈ పేచీ లేదు. మార్చవచ్చేమో ఆయన్నే అడగండి. బత్తాయి, నిమ్మ మామూలుగా తినొచ్చు.

ప్రశ్న: పరగడుపున నిమ్మరసం, తేనె కొవ్వును కరిగిస్తాయా?
– ఒక పాఠకురాలు, పొదలకూరు

జవాబు: కరిగించవు. నిమ్మలో పెక్టిన్ తొక్కలోనూ, దాని కింది తెల్లటి పొరలోనూ ఎక్కువ. మీరు పిండి పారేసేది దాన్నే. తేనె కూడా చక్కెరే.