నీటి రుసుము పెంచుతామంటున్నారు, గ్రామసభలో అభిప్రాయం ఏమని రాసివ్వాలి?

మీరు అడిగింది ఇది: అనంతపురం జిల్లాలో సత్యసాయి తాగునీటి పథకం లైను చివర ఊరు, 750 ఇళ్ళు, దాదాపు 3,000 జనం. నాలుగు రోజులకోసారి నీళ్ళు. నెలకు 30 రూపాయలున్న కొళాయి రుసుము 100 చేస్తామని, ఏమైనా ఉంటే గ్రామసభలో చెప్పమని పంచాయతీ నోటీసు అంటించింది. వద్దని రాసివ్వాలా, ఇంకేమైనా అడగొచ్చా అని.

ఊరికే వద్దని రాస్తే "కొందరు సభ్యులు వ్యతిరేకించారు" అని ఒక్క ముక్క మినిట్స్‌లో రాసి ముందుకెళ్ళిపోతారు. వద్దనడానికి బదులు "ఇన్ని నీళ్ళకు ఇంత" అని రాయండి. రుసుమును ట్యాంకు దగ్గర కొలిచిన నీళ్ళకు ముడిపెడితే అటు పంచాయతీ, ఇటు ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) వాళ్ళు కూడా తప్పించుకోలేరు.

ముందు ఆ 70 రూపాయల పెంపు ఏ ఖర్చుకో అడగండి. పీఏబీఆర్, సీబీఆర్ లాంటి జలాశయాల నుంచి మీ ఊరి ట్యాంకు దాకా శుద్ధి, పంపింగు, పెద్ద లైన్లు పథకం ఖర్చు. అది మీ పంచాయతీ చేతిలో లేదు. ట్యాంకు నుంచి కొళాయి దాకా కరెంటు, వాటర్‌మ్యాన్ జీతం, బ్లీచింగ్, లీకులు పంచాయతీవి. ఊళ్ళో కొత్త పైపులు వేస్తే జల జీవన్ మిషన్ లెక్క వేరు. అందులో ఊరి వాటా పది శాతం, ఎస్సీ, ఎస్టీలు సగానికి మించి ఉంటే ఐదు శాతం, అదీ డబ్బుగా గానీ శ్రమగా గానీ ఇవ్వొచ్చు. ఈ మూడూ కలిపేసి "నీళ్ళ ఖర్చు పెరిగింది" అంటే ఒప్పుకోకండి.

ఇక కొలత. దీనికి ఇంజనీరు అక్కర్లేదు, టేపు, ఫోను చాలు. గుండ్రటి ట్యాంకయితే లోపలి వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, 0.785తో గుణించండి. 5 మీటర్ల వ్యాసానికి 19.6 చదరపు మీటర్లు వస్తుంది. అంటే నీళ్ళు ఒక సెంటీమీటరు పెరిగితే 196 లీటర్లు చేరినట్టు. ఊరికి వదిలే వాల్వు పూర్తిగా మూయించి, బోరు నీళ్ళు కూడా అదే ట్యాంకులో కలుస్తుంటే ఆ మోటారు ఆపించి, అరగంటలో మట్టం ఎంత పెరిగిందో చూడండి. చాలామంది ఈ బోరు సంగతి మరిచిపోయి పథకం నీళ్ళు ఎక్కువొస్తున్నాయని తేల్చేస్తారు. అరగంటలో 30 సెంటీమీటర్లు పెరిగిందనుకుందాం. అంటే గంటకు సుమారు 11,760 లీటర్లు.

మనిషికి రోజుకు 55 లీటర్లని జల జీవన్ మిషన్ ప్రమాణం. 3,000 మందికి 1,65,000 లీటర్లు కావాలి. పై వేగంతో రావాలంటే రోజూ 14 గంటలు నీళ్ళు రావాలి. నాలుగు రోజులకోసారి 15 గంటలు వస్తే 60 వేల లీటర్ల ట్యాంకు మూడుసార్లు కూడా సరిగా నిండదు. లెక్కేస్తే మనిషికి రోజుకు 15 లీటర్లకు అటూ ఇటూ. ఈ ఒక్క అంకె గ్రామసభలో చదవండి, మిగతా ఉపన్యాసాల కంటే పనిచేస్తుంది. నాలుగో రోజు 24 గంటలు ఆపకుండా వదిలినా 2.8 లక్షల లీటర్లే, కావాల్సింది 6.6 లక్షలు. కాబట్టి "ఎక్కువసేపు వదలండి" అన్న కోరిక సరిపోదు. రోజులైనా పెంచాలి, వచ్చే వేగమైనా పెంచాలి.

వేగం ఎందుకు తగ్గుతుందంటే చివరి ఊళ్ళలో కారణం చాలాసార్లు మీ ఊళ్ళో ఉండదు. లైను ఎత్తు మీద ఎక్కేచోట పైపులో చేరిన గాలిని బయటికి వదిలే ఎయిర్ వాల్వులుంటాయి. వాటి లోపలి బంతి అరిగినా, ఎవరైనా నీళ్ళ కోసం విరగ్గొట్టినా అక్కడ కారడం మొదలవుతుంది. పక్క పొలమాయన బురదవుతోందని కింద ఉన్న చిన్న వాల్వు బిగించేస్తాడు. కారడం ఆగుతుంది గానీ గాలి బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. ఆ గాలి పైపులోనే చిక్కి కిందికి వెళ్ళే నీళ్ళను సగానికి పట్టేస్తుంది. మీ ఎగువ ఊరి నుంచి మీ ఊరి దాకా లైను వెంట నడిచి, ఒక్కో ఎయిర్ వాల్వు, స్కవర్ వాల్వు (పైపులో పేరుకున్న మట్టిని బయటికి వదిలేది) ఫోటో తీసి, సర్వే నంబరో గుర్తో రాసి ఆర్‌డబ్ల్యూఎస్ ఇంజనీరు ఏఈకి ఇవ్వండి. లైను మీద అక్రమ కనెక్షన్లుంటే అవి కూడా. పేర్లు రాయొద్దు, చోటు చాలు. ఊళ్ళో గొడవలు ఎందుకు.

ఊరి లోపల మోటార్ల సంగతి వేరే. కొళాయికి నేరుగా అర హెచ్‌పీ మోటారు పెట్టి లాగితే వీధి చివర ఇళ్ళకు గాలే వస్తుంది. సంపు ఉన్నవాళ్ళు రెండు వేల లీటర్లు పట్టుకుంటారు, లేనివాళ్ళు డ్రమ్ము, బిందెలు. నలుగురున్న ఇంటికి ప్రమాణం ప్రకారం నాలుగు రోజులకు 880 లీటర్లు కావాలి. 15 లీటర్ల బిందెతో దాదాపు 59 బిందెలు. అన్ని బిందెలు ఎవరింట్లో ఉంటాయి? అందుకే అందరికీ ఒకే 100 రూపాయలంటే నాకు న్యాయంగా అనిపించదు. సంపు, మోటారు ఉన్న ఇంటికి ఎక్కువ రుసుము, మోటారు నేరుగా పెడితే కనెక్షన్ కోత అని అభిప్రాయంలో రాయండి. ఇంటింటికీ మీటర్లు మాత్రం ఇప్పుడే అడగకండి. ఆగి ఆగి వచ్చే లైన్లో నీళ్ళకంటే ముందు గాలి వచ్చి మీటరు తిరుగుతుంది, గాలికి బిల్లు కడతారు. ట్యాంకులోకి నీళ్ళు వచ్చే పైపు (ఇన్‌లెట్) దగ్గర ఒక్క పెద్ద మీటరు చాలు. పైపు ఎప్పుడూ నిండుగా ఉండేచోట, మీటరుకు ముందు పైపు వ్యాసానికి పది రెట్లు, తర్వాత ఐదు రెట్లు వంపులేని తిన్నని పైపు ఉండాలి. 100 మిల్లీమీటర్ల లైనుకు ముందు ఒక మీటరు, వెనక అర మీటరు. వంపు పక్కనే బిగిస్తే తప్పుడు రీడింగే వస్తుంది.

డబ్బు లెక్క. నీళ్ళను సంపు నుంచి 20 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి 1.65 లక్షల లీటర్లకు రోజుకు 18 యూనిట్లు పడుతుంది. బోరుకు 7.5 హెచ్‌పీ మోటారు ఆరు గంటలు ఆడితే ఇంకో 42. నెలకు 1,800 యూనిట్లు. మీ బిల్లు మీదున్న రేటుతో గుణించుకోండి. 7 రూపాయలనుకుంటే 12,600. బ్లీచింగ్ వెయ్యి లీటర్లకు 4 గ్రాముల చొప్పున నెలకు 20 కిలోలు. దానికి వాటర్‌మ్యాన్ జీతం, వాల్వులు, లీకులు కలపండి. 750 ఇళ్ళు 100 చొప్పున కడితే 75,000, సగం మంది కడితే 37,500. వసూలు సగమే అయితే నిజాయితీగా కట్టేవాళ్ళే మిగతావాళ్ళ నీళ్ళు మోస్తున్నట్టు. అందుకే పంచాయతీ కార్యదర్శిని డీసీబీ రిజిస్టరు అడగండి: డిమాండు ఎంత, వసూలు ఎంత, బాకీ ఎంత.

పైగా 15వ ఆర్థిక సంఘం 2021–26కు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం ఫలానా పనులకే వాడాలని ముడిపెట్టిన నిధులు, అందులో సగం తాగునీటి కోసం. అవి దేనికి ఖర్చయ్యాయో ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో వోచర్ల వారీగా కనపడుతుంది. గ్రాంటు ఉండగా మళ్ళీ రుసుము ఎందుకంటే, గ్రాంటు పైపులకు, రుసుము నడపడానికి అని పద్దులు వేరు చేయమనండి. కొళాయి డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా ఉండాలి. మామూలు పంచాయతీ ఖాతాలో పడితే అది వీధి దీపాలకో ఇంకోదానికో వెళ్తుంది.

అభిప్రాయం ఇలా రాయొచ్చు: "ట్యాంకు దగ్గర నెల సగటు మనిషికి రోజుకు 55 లీటర్లు చేరిన నెలలో 100 రూపాయలు, 30 లీటర్లకు తగ్గిన నెలలో పాత 30 రూపాయలే. మట్టం రీడింగు రోజూ నోటీసు బోర్డు మీద. వేరే ఖాతా, మూడు నెలలకోసారి లెక్క చదవడం. క్లోరిన్ చివరి కొళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములు, బోరు నీళ్ళు కలిపితే ఫ్లోరైడు 1.5 దాటకూడదు." ఫ్లోరైడు సంగతి మరవొద్దు. పథకం నీళ్ళు తగ్గినప్పుడు బోరు ఎక్కువ కలిపేస్తారు, అది రుచిలో తెలియదు.

రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద కార్యదర్శి సంతకం, తేదీ వేయించుకోండి. మినిట్స్ పుస్తకంలో సభ ముగిసేలోపే రాయించి పేజీ ఫోటో తీయండి, ఇంటికెళ్ళాక రాస్తామంటే ఒప్పుకోవద్దు. బిల్లులు ఇవ్వనంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ట్యాంకు దాకా వచ్చే నీళ్ళ సంగతి మాత్రం సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాల్సిందే, ఆ ఫోటోలు, కొలత కాగితం జతచేసి. మీతోపాటు ఎగువన ఉన్న ఇంకో రెండు ఊళ్ళవాళ్ళు కూడా అదే రోజు అదే కొలత తీసి ఇస్తే నీళ్ళు ఏ రెండు ఊళ్ళ మధ్య పోతున్నాయో ఏఈ పై ఇంజనీరు డీఈకి ఒక్క చూపులో తెలిసిపోతుంది.