వలలో పడ్డ అరుదైన ప్రాణిని చూడబోయే మేనకోడలికి

గోపాల్‌పూర్,
గంజాం జిల్లా, ఒడిశా.

చిరంజీవి మేనకోడలికి పెద్దమామయ్య ఆశీస్సులు.

బరంపురంలో జంతుశాస్త్రం చదువుతున్న నువ్వు, సెలవుల్లో మన తీరానికి వచ్చి వలల్లో పడే అరుదైన సముద్రప్రాణులను నమోదు చేయాలని అనుకుంటున్నట్టు మీ అమ్మ చెప్పింది. రేవులో చేపల లెక్కలు రాసే ఉద్యోగంలోనే నా వయసు గడిచింది కనుక నీకు చెప్పదగిన మాటలు కొన్ని నా దగ్గర ఉన్నాయి. ఆ ప్రాణుల వర్ణనలు నీకు పుస్తకాల్లో దొరుకుతాయి. అవి తడి ఇసుక మీద నీ కాళ్ల ముందు పడినప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో మాత్రమే రాస్తున్నాను.

మొదట వదులుకోవలసింది పేరు కోసం పడే తొందర. కొత్త ప్రాణి కనబడగానే చదువుకున్నవాళ్లు ఫోన్‌లో దాని పేరు వెతకడం మొదలుపెడతారు, ఈలోగా దాన్ని పట్టినవాళ్లు వల దులుపుకొని ఇంటికి వెళ్లిపోతారు. పేరును పదేళ్ల తర్వాత ఎవరైనా తేల్చగలరు. అది ఏ వలలో పడిందో, ఎన్ని బారల నీటిలో పడిందో, తెల్లవారుజామునా పొద్దెక్కాకా, ఏయే చేపలతో కలిసి వచ్చిందో, పైకి వచ్చినప్పుడు ప్రాణం ఉందో లేదో ఆ ఉదయం అడగకపోతే మరి ఎవరూ చెప్పలేరు. ఒడ్డు నుంచి లాగే అలివి వలలో పడిందంటే అది ఒడ్డుకు దగ్గరలో తిరిగిందని అర్థం. మరబోటు ఈడ్చుకొచ్చిన ట్రాల్ వలలో పడితే దూరపు లోతుల నుంచి వచ్చి ఉండవచ్చు. ఈ ఒక్క తేడా తెలియకపోతే ఆ నమూనాకు సగం విలువ పోయినట్టే. అందువల్ల నీ నోటుపుస్తకంలో పేరు కోసం ఖాళీ వదిలి, మిగిలిన గడులన్నీ అక్కడికక్కడే నింపు.

ఇది ఎంత పెద్ద విషయమో సీలకాంత్ అనే చేప కథ నీకు చెబుతుంది. పాఠంలో అది ఒక్క వాక్యంగా ముగిసిపోతుంది, అసలు చదవవలసింది దాని వెనుక జరిగిన పని. 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవుకు వచ్చిన ఒక ట్రాలర్ కెప్టెన్ హెండ్రిక్ గూసెన్, తన వలలో ఏదైనా కొత్తది పడితే అక్కడి చిన్న మ్యూజియాన్ని చూసుకొనే మార్జొరీ కోర్ట్‌నీ లాటిమర్‌కు కబురు పెట్టే అలవాటున్న మనిషి. ఆ రోజు చేపల కుప్పలో ఆమెకు కనిపించినది సుమారు ఒకటిన్నర మీటరు పొడవున్న నీలపు చేప. దాని రెక్కలు కాళ్ల మొదళ్లలా కండపట్టి ఉన్నాయి. దాన్ని టాక్సీలో ఎక్కించడానికి డ్రైవరు ఒప్పుకోలేదు, ఆమె పట్టుబట్టి ఎక్కించింది. భద్రపరచడానికి ఊళ్లో శీతలగిడ్డంగి దొరకలేదు, ఫార్మలిన్ చాలలేదు. చివరకు చర్మం మాత్రం మిగిలింది, లోపలి అవయవాలు పారవేయవలసి వచ్చింది. అయినా ఆమె ఒక బొమ్మ గీసి, కొలతలు రాసి, జె. ఎల్. బి. స్మిత్ అనే మత్స్యశాస్త్రజ్ఞునికి ఉత్తరం పంపింది. ఆయన సెలవుల్లో ఉండడం వల్ల ఆ ఉత్తరం కొత్త సంవత్సరంలో గాని చేతికి అందలేదు. డైనోసార్లతోపాటు, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటే, అంతరించిందనుకున్న జాతి అది అని ఆయన ఆ గీతల బొమ్మను చూసి పోల్చుకున్నాడు. రెండో చేప దొరకడానికి 1952 వరకు ఆగవలసి వచ్చింది. అది దొరికిన కొమొరో దీవుల జాలరులకు ఆ చేప ముందునుంచే తెలుసు, దానికి వారి భాషలో పేరు కూడా ఉంది. లాటిమర్ పెద్ద చదువులు చదివిన మనిషి కాదు, కానీ కెప్టెన్‌తో స్నేహం నిలుపుకుంది, కబురు రాగానే రేవుకు వెళ్లింది, చూసింది చూసినట్టు గీసింది.

కాబట్టి నువ్వు కూడా బొమ్మ గీయడం నేర్చుకో. ఫోటో ఎలాగూ తీస్తావు; తీసేటప్పుడు పక్కన స్కేలు గాని, అది లేకపోతే రూపాయి నాణెం గాని పెట్టు. చేపను ఎడమ పక్క కనిపించేలా పడుకోబెట్టి రెక్కలు విప్పి తీయి. చదునైన ఒళ్లుండే టేకు (ఇంగ్లీషులో రే) జాతి చేపలకు వీపు ఒక్కటే చాలదు, నోరు, ముక్కురంధ్రాలు, మొప్పల చీలికలు ఉండే అడుగుభాగం కూడా కావాలి. చాలా చేపలకు చచ్చిన కొద్ది నిమిషాల్లోనే రంగు మారిపోతుంది, అందుకని రంగును మాటల్లో వెంటనే రాసుకో. ఎవరైనా శాస్త్రజ్ఞులు నమూనా అడిగితే, ఫార్మలిన్‌లో వేయడానికి ముందే చిన్న రెక్కముక్కను విడిగా ఆల్కహాలులో దాచమని గుర్తు చెయ్యి. ఫార్మలిన్ పట్టిన కండ నుంచి డీఎన్ఏ తీయడం చాలా కష్టం.

తీరంలో ఉపయోగించే పేర్లను తక్కువగా చూడకు. మన ఒడియా ఇరుగుపొరుగు నోళియాలని పిలిచే ఈ తెలుగు బెస్తల నోట ఉన్న పేర్లు ఈనాటివి కావు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఎవరి పేరు పెట్టారో ఆ పాట్రిక్ రస్సెల్, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి, విశాఖపట్నం తీరంలో 200 చేపలను సేకరించి, బొమ్మలు వేయించి 1803లో లండన్‌లో అచ్చువేయించినప్పుడు జాలరులు చెప్పిన తెలుగు పేర్లనే వాటి కింద రాశాడు. తాకితే చేయి తిమ్మిరెక్కించే కరెంటు టేకును ఆయన ‘తిమిరి’ అనే నమోదు చేశాడు. నువ్వు విన్న పేరును విన్నట్టే రాసుకో, దాన్ని దిద్ది గ్రాంథికం చేయకు. ఒకే ప్రాణికి ఆర్జిపల్లిలో ఒక పేరు, పొదంపేటలో మరో పేరు వినిపిస్తే రెండూ రాసి, ఏ ఊరిదో పక్కన పెట్టు.

ఇక రూపం మోసం చేయడం గురించి. లోతు నీటి చేపను ఒక్కసారిగా పైకి లాగితే ఒత్తిడి తగ్గి దాని గాలితిత్తి ఉబ్బుతుంది, కడుపు నోటిలోంచి బయటికి వస్తుంది, కళ్లు పొడుచుకొస్తాయి. దాన్ని చూసి రాక్షసి చేప అని వీడియో పెట్టేవాళ్లకు అది మనం చేసిన వికారమని తోచదు. ఆస్ట్రేలియా వైపు లోతుల్లో ఉండే బ్లాబ్‌ఫిష్‌కు 2013లో ఇంగ్లండులో జరిగిన ఓటింగులో అత్యంత వికారమైన జంతువన్న బిరుదు ఇచ్చారు. దాని ఊళ్లో, అంటే వందల మీటర్ల లోతులో, అది మామూలు ముఖమున్న చేపే. పైకి తెచ్చాకనే జారిన జిగురుముద్దలా అవుతుంది. కుళ్లిన కళేబరాలు ఇంతకన్నా ఎక్కువ మోసం చేస్తాయి. 1977లో న్యూజిలాండ్ దగ్గర జుయియో మారు అనే జపాను ట్రాలర్‌కు పొడవాటి మెడ, చిన్న తల ఉన్న కళేబరం దొరికితే, పురాతన సముద్రపు బల్లి బతికే ఉందని పత్రికలు రాశాయి. వాసన భరించలేక నావికులు దాన్ని తిరిగి నీళ్లలో వదిలినా, అంతకుముందు కొలతలు, ఫోటోలు, కొన్ని కండపోగులు తీసి ఉంచారు. వాటిని పరీక్షిస్తే అది బాస్కింగ్ షార్క్ అనే పెద్ద సొర అని తేలింది. ఆ సొర కుళ్లేటప్పుడు దవడలు, మొప్పలు ముందుగా ఊడిపోయి సన్నని మెడ ఉన్నట్టు కనిపిస్తుంది. కళేబరం ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు ఏ భాగం ఉందో రాయడంతోపాటు ఏ భాగం లేదో కూడా రాయి.

చేతుల విషయంలో నేను కఠినంగానే చెబుతాను. తెలియని ప్రాణిని వట్టి చేత్తో తాకవద్దు, చచ్చినదాన్ని కూడా. వలలో పాములాంటిది కనిపిస్తే దూరం నుంచే తోక చూడు. తోక తెడ్డులా చదునుగా ఉండి, ఒంటి మీద పొలుసులు ఉండి, రెక్కలు లేకపోతే అది సముద్రపు పాము. వీపు పొడవునా రెక్క ఉంటే అది మలుగు చేప. సముద్రపు పాముల్లో ముక్కు వంకరగా ఉండే రకం నదీముఖాల్లో, ఒడ్డు వలల్లో ఎక్కువగా పడుతుంది. దాని కాటు మొదట పెద్దగా నొప్పి పెట్టదు, అందుకే మనుషులు నిర్లక్ష్యం చేస్తారు. కొన్ని గంటల్లో ఒళ్లంతా కండరాల నొప్పులు, నల్లటి మూత్రం, రెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. మన దేశంలో తయారయ్యే సాధారణ విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి కాట్ల కోసం తయారు చేసినది. సముద్రపు పాము విషానికి అది పనికి రాదు. కాబట్టి నాటుమందులతో కాలం వృథా చేయకుండా, కాటుపడ్డ చేతిని కదలనివ్వకుండా బరంపురం పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఊపిరికి యంత్రం అవసరమైతే అక్కడ దొరుకుతుంది.

టేకు ముల్లు గాని, రాతిచేప ముల్లు గాని గుచ్చుకుంటే తట్టుకోగలిగినంత వేడి నీటిలో ఆ భాగాన్ని అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచడం మంచిది, ఆ విషాలు వేడికి బలహీనపడతాయి. ముల్లు లోతుగా దిగితే లాగకుండా ఆసుపత్రికి వెళ్లు. జెల్లీఫిష్ కుడితే ఇసుకతో రుద్దవద్దు, మంచినీళ్లు పోయవద్దు. సముద్రపు నీటితోనే కడుగు. నీలిరంగు గాలిబుడగలా ఒడ్డున పడి ఉండే ఫైసేలియా ఒక్క ప్రాణి కాదు, అనేక చిన్న ప్రాణుల గుంపు. ఎండలో పడి చచ్చిన తర్వాత కూడా దాని దారాలు కుడతాయి. దాన్నే తిని, దాని కుట్టుకణాలను తన ఒంట్లో దాచుకొని వాడుకొనే నీలపు నత్తజాతి జీవి ఒకటి ఉంది. ఇంగ్లీషులో బ్లూ డ్రాగన్ అంటారు, మూడు సెంటీమీటర్లు మించదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తర్వాత చెన్నై తీరంలో అవి కనిపించాయి. ముద్దొచ్చేలా ఉంటాయి కాబట్టి పిల్లలు ముందుగా వాటినే చేతిలోకి తీసుకుంటారు. కోను ఆకారపు అందమైన శంఖాలు కూడా ప్రాణంతో ఉంటే ముట్టుకోవద్దు, బాణంలాంటి పంటితో విషం గుచ్చుతాయి. ఆ జాతి విషం ఆధారంగా తయారైన నొప్పిమందుకు 2004లో అమెరికా అనుమతి ఇచ్చిందన్నది వేరే సంగతి. కడుపు ఉబ్బించుకొనే పఫర్ చేపను ఎవరైనా బాగా ఉడికిస్తే తినవచ్చని చెబితే నమ్మకు, ఆ విషం వంట వేడికి పోదు, దానికి విరుగుడు కూడా లేదు.

బాలాసోర్ వైపు వెళ్లే అవకాశం వస్తే గుర్రపుడెక్క పీతను తప్పక చూడు. పేరుకు పీతే గాని సాలీళ్లకూ తేళ్లకూ దగ్గరి బంధువు. దాని వంశం 40 కోట్ల ఏళ్లకు పైబడినది. రాగి ఉన్న పదార్థం ప్రాణవాయువును మోసుకుపోవడం వల్ల దాని రక్తం గాలి తగిలితే నీలంగా కనిపిస్తుంది, సూదిమందుల్లో బాక్టీరియా విషం ఉందో లేదో పట్టే పరీక్షకు ఈ జాతి రక్తాన్ని వాడతారు. అది వెల్లకిలా పడి ఉంటే తోక పట్టి ఎత్తవద్దు, తోకతోనే అది తిరగబడుతుంది గనుక అది దెబ్బతింటే బతకలేదు. పెంకు రెండు పక్కలా పట్టుకొని బోర్లా తిప్పి నీటి వైపు వదులు.

చట్టం సంగతి క్లుప్తంగా. చుక్కల ఒళ్లున్న తిమింగల సొర, రంపపు ముట్టె ఉన్న చేప, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు, ఆలివ్ రిడ్లే తాబేళ్లు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. ప్రాణంతో ఉంటే నీళ్లలో వదిలించాలి, చచ్చి ఉంటే అటవీశాఖకు చెప్పాలి, ముక్క కూడా ఇంటికి తేకూడదు. వింత ప్రాణికి డబ్బు ఇస్తానని ఎవరితోనూ అనవద్దు. అలా అంటే రేపటి నుంచి దానికోసమే వల వేసేవాళ్లు తయారవుతారు. రుషికుల్య నదీముఖం దగ్గర తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెట్టే ఫిబ్రవరి, మార్చి రాత్రుల్లో టార్చిలైటు, ఫ్లాష్ వాడకు. తాబేళ్ల కోసం ఆ ముఖం చుట్టూ సముద్రంలో నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట నిషేధం ఉంటుంది కాబట్టి, అక్కడ ఏదైనా పడిందని ఎవరైనా చెబితే ఎక్కడ పడిందని గుచ్చి గుచ్చి అడిగి మనుషులను ఇబ్బంది పెట్టవద్దు. నువ్వు ప్రాణులను నమోదు చేయడానికి వస్తున్నావు, నేరాలు పట్టడానికి కాదు.

వల లాగే సమయంలో తాళ్ల మధ్య నిలబడకు, పని పూర్తయ్యాక పలకరించు. చేపలు ఏరే ఆడవాళ్లను ముందుగా అడుగు, కుప్పలో ఏది కొత్తదో వాళ్ల చేతులకే మొదట తెలుస్తుంది. నీ వివరాలు రెండు మూడు పేజీలు పోగయ్యాక గోపాల్‌పూర్‌లోనే ఉన్న జూలాజికల్ సర్వే కేంద్రంలో గాని, మీ బరంపురం విశ్వవిద్యాలయపు సముద్రశాస్త్ర విభాగంలో గాని చూపించు. తూర్పు తీరమంతటా మరబోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా విరామం. ఆ రెండు నెలలూ బజారులో దొరికే మామూలు చేపలను, పీతలను కొని, కోయకముందు కొలిచి, బొమ్మ గీసి, రెక్కల ముళ్లు లెక్కపెట్టడం అలవాటు చేసుకో. మామూలు చేప క్షుణ్ణంగా తెలిసినవాళ్లకే పక్కనున్నది మామూలుది కాదని కంటికి ఆనుతుంది. జూన్ మూడోవారంలో బోట్లు మళ్లీ వెళ్లగానే రా, తెల్లవారుజామునే రేవుకు వెళ్లాలి కనుక ముందురోజు సాయంత్రానికే మన ఇంటికి చేరుకో. రబ్బరు చేతితొడుగులు నా దగ్గర ఉన్నాయి. అడుగు దళసరిగా ఉన్న చెప్పులు మాత్రం నువ్వే తెచ్చుకో.

అమ్మకు, నాన్నకు నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమామయ్య